480 రూపాయల సీలు

ముందు వాసన వచ్చింది. మందస కొండల కింద గెడ్డ, అంటే వాగు, దాటి అవతలి గట్టు ఎక్కుతున్నాను. వెనుక పదిహేను బస్తాల జీడిపిక్కలు ఉన్నాయి. బస్తా 80 కిలోలు, మొత్తం 1,200 కిలోలు. బండి మోయాల్సిన దానికంటే అది ఎక్కువేనని నాకు తెలుసు, కానీ ఏప్రిల్ నెలలో ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. బస్తాల మీద కూర్చున్న సవర తాత కిందికి వంగి, "బాబూ, ఏదో మాడుతోంది" అన్నాడు. గోనెపట్టా ఏదైనా సైలెన్సరుకు తగిలిందేమో అన్నాను. నిజానికి అది క్లచ్ వాసనని ముక్కుకు అప్పటికే తెలుసు, ఒప్పుకోవడానికి మనసుకు ఇంకో అరగంట పట్టింది.

మాది పలాస దగ్గర ఊరు. కొండ ఊళ్లలో జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేయడం నా వ్యాపారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు జీడి, కొబ్బరి తోటలు నేలకు ఒరిగిపోయాయి. మళ్లీ నాటిన అంటుమొక్కలు కాపుకు వచ్చాక పైఊళ్లకు తిరగడం పెరిగింది. ఆ దారులకు మామూలు పికప్ చాలదని సెకండ్‌హ్యాండ్‌లో నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్ కొన్నాను. గేరు కర్ర పక్కనే ఇంకో పొట్టి కర్ర ఉంటుంది. తారురోడ్డుకు 'టూ హై', బురదకు 'ఫోర్ హై', నిటారు ఎత్తులకు 'ఫోర్ లో'. ఈ మూడోదాన్ని నేను ఏనాడూ సరిగా వాడలేదు. అది వేస్తే ఇంజను గోల పెడుతుంది, బండి నత్తలా పోతుంది, డీజిలు వృథా అనిపిస్తుంది. రెండో గేరులో సగం క్లచ్ మీద కాలు ఆనించి ఎక్కించేయడం డ్రైవరు పనితనం అనుకునేవాణ్ణి.

హరిపురం దగ్గర జాతీయ రహదారి ఎక్కాక ఇక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. నాలుగో గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను ముల్లు రెండున్నర వేలు దాటి పోతోంది, వేగం ముల్లు మాత్రం యాభై దగ్గరే కూర్చుంది. పైగా గెడ్డ దగ్గర వేసిన 'ఫోర్ హై' వెనక్కి రానంటోంది. పొట్టి కర్రను ఎంత లాగినా కదలదు. మలుపుల్లో స్టీరింగు బిగదీస్తోంది. అలాగే ఈడ్చుకుంటూ కాశీబుగ్గలో ఫ్యాక్టరీకి సరుకు వేసి, మేస్త్రి షెడ్డుకు చేరాను.

మేస్త్రిగారు జీపుల కాలం నుంచి చేయి తిరిగిన మనిషి. అరవై దాటాయి. బండి కింద పడుకోకుండానే రోగం చెబుతారు. హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేయించి, నాలుగో గేరు వేసి క్లచ్ వదిలేయమన్నారు. క్లచ్ బాగుంటే ఇంజను గుక్క పట్టి ఆగిపోవాలి. నాది ఆగలేదు. కాస్త మూలిగి, మళ్లీ తన దారిన తాను తిరుగుతోంది.

"అయిపోయింది బాబూ" అన్నారు. తరువాత పొట్టి కర్ర పట్టుకుని చూసి, "తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ వేసే వచ్చావా?" అని అడిగారు.

రాలేదని, అది తనంతట తానే ఇరుక్కుందని చెప్పాను. ఆయన నవ్వి, బండిని తిన్నగా ఓ పది అడుగులు వెనక్కి నడపమన్నారు. కర్ర టక్కున వెనక్కి వచ్చింది. కారణం తరువాత చెప్పారు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, కాబట్టి ఆ బిగువంతా షాఫ్టుల్లో, చిన్న గేరుబాక్సులో మెలి పడుతుంది. వెనక్కి నడిపితే మెలి విప్పుకుంటుంది. ఇన్నేళ్లుగా నడుపుతున్న బండి గురించి ఇంత చిన్న సంగతి నాకు తెలియదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు పెళ్లికి వెళ్లాడు. "నాలుగు రోజులు ఆగుతావా, పానాలు అందిస్తావా?" అన్నారు. పిక్కల కాలంలో నాలుగు రోజులంటే ఒక ఊరి సరుకు వేరేవాళ్ల చేతికి పోయినట్టే. లుంగీ అడిగి కట్టుకున్నాను.

క్లచ్ మార్చడం అంటే ఒక ప్లేటు తీసి ఇంకో ప్లేటు పెట్టడమని ఎవరైనా అంటే నమ్మకండి. అది పది నిమిషాల పని. ఆ ప్లేటు దగ్గరికి చేరడం ఒక రోజు పని. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ దాక్కుని ఉంటుంది కాబట్టి గేరుబాక్సును దించి వెనక్కి జరపాలి. మామూలు పికప్‌కు వెనక్కి పోయే షాఫ్టు ఒక్కటే. నా బండికి ముందుకు పోయేది ఇంకొకటి ఉంటుంది. గేరుబాక్సు తోకకు అంటుకుని ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే మేస్త్రిగారు 'చిన్న గేరుబాక్సు' అనేది ఉంటుంది. అందుకే పని ఎక్కువ, బరువు ఎక్కువ, కూలీ కూడా ఎక్కువ.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. క్యాబిన్‌లో మ్యాటు ఎత్తి రెండు కర్రలనూ విప్పాం. రెండు పెట్టెల నూనెనూ వేర్వేరుగా దించాం. వెనుక షాఫ్టు విప్పేముందు, అతుకు దగ్గర బోల్టులు పడే రెండు ఫ్లాంజీల మీదా ఒకే గీత వచ్చేలా పెయింటు పూశారు మేస్త్రిగారు. మళ్లీ అదే స్థానంలో కూర్చోకపోతే బండి వేగం మీద వణుకుతుందట. ముందు షాఫ్టు నాకు వదిలారు. ఉత్సాహం కొద్దీ నాలుగు బోల్టులూ విప్పి పక్కన పెట్టేశాకే గీత సంగతి గుర్తొచ్చింది. ఆయన ఏమీ అనలేదు. టార్చి వేసి ఫ్లాంజీ మీద తుప్పు నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి, దానికి సరిగ్గా గీత గీసి, పెయింటు బుడ్డి నా చేతికి ఇచ్చారు. తిట్టి ఉంటేనే బాగుండేది.

క్లచ్ పెడల్ తొక్కినప్పుడు గేరుబాక్సు పక్కన ఉన్న చిన్న సిలిండరు నుంచి ముల్లు బయటికి వచ్చి ఫోర్కును నెడుతుంది. ఆ సిలిండరును పైపు విప్పకుండానే ఊడదీసి, తీగతో ఛాసిస్‌కు వేలాడదీశాం. "ఇక పెడల్ జోలికి ఎవరూ వెళ్లకూడదు" అని మేస్త్రిగారు గట్టిగా చెప్పారు. చెప్పింది నాకు. సాయంత్రం మా బావమరిది వచ్చాడు. షెడ్డులో కూర్చోవడానికి స్టూలు లేదని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, అలవాటుగా కాలితో క్లచ్‌ను పంపు కొట్టినట్టు రెండుమూడుసార్లు నొక్కాడు. కింద నుంచి మేస్త్రిగారి కేక వినిపించింది. సిలిండరులోని పిస్టను ఊడి, బ్రేకు నూనె అంతా ఆయన భుజం మీద పడింది. "ఏమైంది బావా?" అని మా వాడు తీరిగ్గా అడిగాడు. ఆ చిన్న రబ్బరు కిట్టు ఖర్చు వాడే పెట్టుకున్నాడు, అది వేరే సంగతి.

సెల్ఫ్ మోటారు, సైలెన్సరు ముందు పైపు, రివర్సు లైటు వైరు, నాలుగు చక్రాల దీపం వైరు, అన్నీ తీశాక ఇక మిగిలింది బరువు. షెడ్డులో గేరుబాక్సు జాకీ లేదు. మేస్త్రిగారు రెండు ముందు తలుపులూ తెరిచి, ఈ గడప నుంచి ఆ గడపకు లావుపాటి ఇనుప గొట్టం అడ్డంగా వేశారు. గడప సొట్టపోకుండా కింద చెక్కలు పెట్టారు. గొట్టానికి చైన్ పుల్లీ తగిలించి, గేరు కర్ర తీసిన రంధ్రంలోంచి గొలుసు కిందికి వదిలారు. ఎన్ని వర్క్‌షాపులు చూశానో కానీ, బండి తన గేరుబాక్సును తానే పట్టుకుని దించుకోవడం అప్పుడే చూశాను. అయినా ఒక్క గొలుసు చాలదు. ముందు చక్రాలకు బలం ఇచ్చే భాగం ఒక పక్కకు పొడుచుకు ఉంటుంది కాబట్టి పెట్టె తిన్నగా వేలాడదు, ఆ పక్కకు ఒరిగిపోతుంది. అటు పక్క మామూలు జాకీ పెట్టి, తాడుతో కట్టాం. అడ్డ బీము విప్పి, క్లచ్‌ను కప్పి ఉంచే హౌసింగు చుట్టూ బోల్టులు తీయడం మొదలుపెట్టాం. పైన ఉన్న రెండు బోల్టులకు చేయి పోదు, కన్ను పోదు. మూడు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి, వెనుక నుంచి చీకట్లో వెతుక్కుంటూ విప్పాలి. ఆ రెండింటికే గంట పట్టింది.

పెట్టెను తిన్నగా వెనక్కి లాగమన్నారు. దాని బరువు ప్లేటు మీద ఆనితే ప్లేటు నడుము విరుగుతుందట. పాతది ఎలాగూ పారేసేదే కదా అన్నాను. "షాఫ్టు పాతది కాదుగా" అన్నారు.

ఆరు బోల్టులను ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం వదులు చేస్తూ, క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు తీశారు. క్లచ్ ప్లేటు ఆయన చేతిలోకి జారింది. నేను అరిగిపోయిన ప్లేటును చూస్తాననుకున్నాను. రివెట్ల తలలు రాసుకుని మెరుస్తున్న మాట నిజమే. కానీ ఇంజను వైపు ముఖం మీద లోపలి అంచు నుంచి బయటికి, నల్లగా, సూర్యుడి బొమ్మకు పిల్లలు గీసే కిరణాల్లా చారలు ఉన్నాయి. మేస్త్రిగారు వేలితో తుడిచి వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టారు.

"గేరు నూనె అయితే గంధకం వాసన వస్తుంది, చిక్కగా ఉంటుంది. ఇది పల్చగా, మసిలా ఉంది. ఇంజను నూనె."

హౌసింగు లోపల అడుగున కూడా అదే నలుపు, ప్లేటు రాలిన పొడితో కలిసి ముద్దలా ఉంది. క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం, అంటే ఫ్లైవీల్ మీద అక్కడక్కడా నెమలి మెడ రంగు మచ్చలు ఉన్నాయి. అవి వేడికి వచ్చినవి, అంటే నా గెడ్డ గట్టు విన్యాసాలవి. నూనె మాత్రం ఫ్లైవీల్ వెనుక, క్రాంకు, అంటే ఇంజను ప్రధాన షాఫ్టు చివరన ఉండే ఆయిల్ సీలుది.

ఇక్కడ నేను దాచిపెట్టిన విషయం చెప్పాలి. ఈ బండికి క్లచ్ మార్చడం ఇది రెండోసారి. మొదటిసారి 62,000 కిలోమీటర్ల దగ్గర ఇదే షెడ్డులో, ఇదే మేస్త్రిగారు మార్చారు. అప్పుడే ఆ సీలు చెమ్మగా ఉందని, మార్చేద్దామని ఆయన అన్నారు. ఫ్లైవీల్ విప్పాలి, ఇంకో రెండుమూడు గంటలు పడుతుంది, సీలు కొనడానికి మనిషిని పంపాలి. చెమ్మే కదా, కారడం లేదు కదా, మళ్లీసారి చూద్దాం లెండి అన్నది నేనే. బయట సరుకు ఎదురుచూస్తోంది. ఇప్పుడు మీటరు 1,04,000 చూపిస్తోంది. ఆయనకూ గుర్తుంది. గుర్తున్నట్టు చూపించకుండా, పాత ప్లేటును తిప్పితిప్పి చూస్తున్నారు. "కొండను తవ్వి ఎలుకను పట్టామనుకో. పట్టిన ఎలుకను వదిలేసి కొండను మళ్లీ పూడ్చేస్తామా?" అని మాత్రం అన్నారు.

రెండో రోజు పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫ్లైవీల్‌ను లేత్ షాపులో ఇచ్చి ముఖం చదును చేయించాం. మచ్చలు పోయేంతవరకే, అర మిల్లీమీటరు కూడా తీయనివ్వలేదు. విశాఖపట్నం నుంచి క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగు, సీలు ఆర్టీసీ కార్గోలో వచ్చాయి. మధ్యాహ్నం ఆయనకు మందస కోవా తెచ్చి పెట్టాను. లంచం అనుకున్నారో ఏమో, సగం నాకే తినిపించారు.

కొత్త సీలు బిగించడం నేను దగ్గరుండి చూశాను. పాతదాన్ని తీసి నా చేతిలో పెట్టారు. చేతి గాజు కంటే కాస్త పెద్దది. పెదవి ఎండిన తోలులా గట్టిపడి, గోటితో నొక్కితే వంగడం లేదు. అది నూనెను ఆపాలంటే షాఫ్టును మెత్తగా పట్టుకుని ఉండాలి. కొత్తదాని పెదవికి ఇంజను నూనె రాసి, చుట్టూ సమంగా, ఒక్కో దెబ్బకు ఒక వెంట్రుక వాసి చొప్పున చెక్క దిమ్మతో తట్టి కూర్చోబెట్టారు. అది వంకరగా కూర్చుంటే ఈ మూడు రోజుల పనీ వృథా. ఆ పావుగంటా షెడ్డులో ఎవరినీ మాట్లాడనివ్వలేదు. మా బావమరిదిని అయితే గేటు దగ్గరే ఆపేశారు.

ఆ తరువాత ఫ్లైవీల్, దాని మధ్యలోని చిన్న బేరింగు, కొత్త క్లచ్ ప్లేటు. ప్లేటుకు ముఖం, వీపు ఉంటాయి. ఇంజను వైపు ఏదో అచ్చు వేసి ఉంటుంది, స్ప్రింగులున్న ఉబ్బు గేరుబాక్సు వైపు రావాలి. తిరగేసి పెడితే అంతా బిగించాక కానీ బయటపడదు. కొత్త ప్రెషర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, దాన్ని పెట్రోలుతో శుభ్రంగా తుడిచేయాలి. నా చేతులకు గ్రీజు ఉందని నన్ను ప్లేటు ముఖం ముట్టుకోనివ్వలేదు. ప్లేటు నడుమ షాఫ్టు దూరే పళ్లకు మాత్రం గోటి మీదికి వచ్చేంత గ్రీజు రాశారు. ఎక్కువ రాస్తే విసిరికొట్టి మళ్లీ ప్లేటు మీదే పడుతుందట. నా బండి రకానిదే పాత గేరుబాక్సులోంచి తీసిన షాఫ్టు ఒకటి ఆయన దగ్గర ఉంది. దాన్ని ప్లేటులోంచి దూర్చి, మధ్యకు తెచ్చి, ఆరు బోల్టులనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, ఆ షాఫ్టును బయటికి లాగారు. సులువుగా రావాలి. వచ్చింది.

మూడో రోజు పొద్దున్నే గేరుబాక్సు పైకి ఎత్తాం. నా ఓపిక అంతా అక్కడే కరిగిపోయింది. షాఫ్టు ప్లేటులోకి దూరింది, పెట్టె ముందుకు వచ్చింది, హౌసింగుకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. నెట్టాం, ఊపాం, జాకీ అర అంగుళం పెంచాం, తగ్గించాం. గంటన్నర. బోల్టులు పెట్టి బిగిస్తే అవే లాక్కుంటాయి కదా అన్నాను. మేస్త్రిగారు మొదటిసారి కోపంగా చూశారు. "బోల్టుతో లాగితే హౌసింగు చెవులు పగులుతాయి. లేదా ప్లేటు నడుము పోతుంది. సంబంధం కుదరకపోతే జాతకాలు చూడాలి గానీ తాడు కట్టి లాగుతామా?" అన్నారు. వెనక్కి వెళ్లి గేరు వేసి, తోక దగ్గర ఉన్న ఫ్లాంజీని చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పమన్నారు. ఆయన ముందు నుంచి పెట్టెను ఆనించి పట్టుకున్నారు. ఓ పావు చుట్టు తిప్పానో లేదో, పళ్లలో పళ్లు పడి, పెట్టె 'టక్' మని ఇంజనుకు అతుక్కుంది. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉంటుందో, మూడు రోజులు గ్రీజులో ఉన్నవాడికే తెలుస్తుంది.

మిగతాదంతా విప్పింది తిరిగి బిగించడమే. రెండు పెట్టెల్లోనూ కొత్త నూనె పోశాం. చిన్న గేరుబాక్సుకు పోయడం మరిచి రోడ్డెక్కించిన బండ్లు చాలా చూశానని ఆయన అన్నారు. సిలిండరు కిట్టు మార్చి, నేను పెడల్ తొక్కి పట్టుకుంటే ఆయన కింద నిపుల్ వదిలి గాలి తీశారు. బావమరిదిని తొక్కమందామా అని అడిగితే ఆయన నవ్వలేదు. బండి స్టార్టు చేశాక నాలుగు చక్రాల దీపం వెలగలేదు. వైరు తగిలించడం నేనే మరిచాను.

బిల్లు ఇలా ఉంది. క్లచ్ సెట్టు 9,200, రిలీజ్ బేరింగు 1,650, చిన్న బేరింగు 160, ఫ్లైవీల్ చదును 700, నూనెలు 1,500, సిలిండరు కిట్టు 220, మేస్త్రిగారి కూలీ 6,000. వీటి నడుమ ఎక్కడో సీలు, 480. మొత్తం 19,910 రూపాయలు. నేను పానాలు అందించినందుకు కూలీలో ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను. నేర్పించినందుకు ఫీజు వేయలేదు, సంతోషించు అన్నారు.

మొదటి 500 కిలోమీటర్లు బరువు వేయవద్దన్నారు. కొత్త ప్లేటు, ఫ్లైవీల్ ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోవాలట. పిక్కల కాలం మధ్యలో ఖాళీ బండిని తిప్పడం నాలాంటివాడికి ఉపవాసం లాంటిది. వారం పాటు అద్దె బండితో సరుకు తెచ్చాను. ఆ అద్దె బిల్లులో కలపలేదు. కలిపి చూసుకునే ధైర్యం లేదు.

మే మొదటి వారంలో మళ్లీ అదే గెడ్డకు వెళ్లాను. ఈసారి పన్నెండు బస్తాలే. నీళ్లలోకి దిగేముందు బండి పూర్తిగా ఆపి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, పొట్టి కర్రను 'ఫోర్ లో'లోకి నెట్టాను. మొదటి గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాను. ఇంజను గోల పెడుతోంది. చక్రాలు ఒక్కో రాయినీ పలకరించుకుంటూ గట్టు ఎక్కుతున్నాయి. వెనుక బస్తాల మీద ఆ తాతే ఉన్నాడు. సగం గట్టు ఎక్కాక మళ్లీ కిందికి వంగాడు.

"బాబూ, బండి నడుస్తోందా, ఆగిందా?"

"నడుస్తోంది తాతా. వాసన వస్తోందా?"

కాసేపు గాలి పీల్చి చూశాడు.

"జీడిమామిడి పళ్ల వాసనే" అన్నాడు.